కారుకు పెట్టిన పూర్ణం

పోయిన నెలలో మనవరాలు తన కారులో నన్ను మా ఊరికి తీసుకెళ్ళింది. ఇప్పుడక్కడ చూడటానికి ఏముందే అంటే వినలేదు. అది కొత్త కారేమీ కాదు, ఎవరో వాడి విసిగి వదిలించుకున్నది. రాయచెర్లు దాటామో లేదో దాని మూతి నుంచి ఆవిరి లేచింది. రోడ్డుకు అటూ ఇటూ చూపు ఆనినంత మేరా సోలారు పలకలు. నన్ను ఒక తుమ్మచెట్టు నీడలో కూర్చోబెట్టి మనవరాలు ఎవరికో ఫోను చేసింది. గంటకు ఒక మెకానిక్కు వచ్చి, బానెట్ ఎత్తి, కింద చెయ్యి పెట్టి చూసి, "వాటర్ పంపు పోయిందక్కా" అన్నాడు. పావగడకు పోయి కొత్తది తెచ్చి బిగించాడు. విప్పిన పాతదాన్ని నా పక్కన రాయి మీద పెట్టాడు.

ఊరికే ఉండలేక దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. ఇరుసు పట్టుకుని కదిపితే లొడలొడలాడింది. తడి తుప్పు వాసన వచ్చింది. ఆ వాసనకు నేను మళ్ళీ ఎనిమిదేళ్ళ పిల్లనైపోయాను.

"పాయింట్లు కూడా చూసినావా నాయనా?" అని అడిగాను.

అతను పకపకా నవ్వాడు. "పాయింట్లా! ఈ కాలం బండ్లకు అవి యాడుంటాయవ్వా?"

లేకపోవడమే మంచిది. ఉంటే నాలాంటిదెవరైనా వాటి జోలికి పోతుంది.

అది మహారాజుల కాలం. మా తాలూకా మైసూరు రాజ్యానిదే అయినా మూడు వైపులా ఇంగ్లీషువాళ్ళ సీమ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఊళ్ళో ఎవరికీ లేనిది మా తాతకు ఒకటి ఉండేది. నల్ల కారు. చెరువుల పనులు చూడటానికి వచ్చిన ఇంజనీరు ఒకాయన బదిలీ మీద పోతూ తాతకు అంటగట్టి పోయాడు. అప్పటికే దానికి నడివయసు దాటింది. తాతకు నడపడం రాదు. పయనం ఉందంటే హిందూపురం నుంచి మేస్త్రీకి కబురు పోయేది. ఆయన ముసలి సాయిబు. గడ్డానికి గోరింటాకు ఎరుపు, గోళ్ళ సందున మడ్డి నలుపు. బాగుచేసేదీ ఆయనే, నడిపేదీ ఆయనే.

మిగతా రోజుల్లో కారు బండ్ల కొట్టంలో ఎద్దుల పక్కన ఉండేది. వెనక సీటులో మా నల్లకోడి గుడ్లు పెట్టేది. కొట్టంలోకి అడుగుపెడితే పెట్రోలు, చెనక్కాయ పొట్టు, పేడ, సీటు తోలు, అన్నీ కలిసిన వాసన ఒకటి వచ్చేది. రబ్బరు బుడ్డి ఉన్న హారను దానికి. నిడుగల్లు కొండ వైపు నుంచి మేకలు తిరిగి వచ్చే వేళకు నేను పోయి దాన్ని నొక్కేదాన్ని. మంద చెల్లాచెదురై కాపరి నన్ను తిట్టిపోసేవాడు. తాత మటుకు అరుగు మీద కూర్చుని, మీసం చాటున నవ్వుకునేవాడు.

ఆ కారుకు పెద్ద రోగం నీళ్ళు కారడం. పంపు ఇరుసు అరిగి, అక్కడినుంచి చుక్క చుక్క పడేది. రెండు కుండల నీళ్ళు లేకుండా గడప దాటేది కాదు. ఒకసారి మా అవ్వకు ఎవరో చెప్పారట, రాగిపిండి కలిపి పోస్తే చిల్లులు పూడుకుంటాయని. అవ్వ దోసెడు రాగిపిండిని నీళ్ళలో కలిపి రేడియేటరులో పోసేసింది. ఆ రోజు తాత పావగడ సంతకు బయలుదేరి, ఊరి బయట వంక దాటేలోగా కారు లోపల అంబలి ఉడికింది. మూత తీస్తే బుడబుడమని వాసనతో సహా పైకి వచ్చింది. మేస్త్రీకి రెండు దినాలు పట్టింది ఆ గడ్డలన్నీ తవ్వి తీయడానికి. "అవ్వా, సంకటి బాగుండాది గానీ ఉప్పు తక్కువైంది" అన్నాడు. అవ్వ ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకు పెట్టింది.

ఇక మా అత్త. మా నాయన చెల్లెలు. పదిహేనేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. మా అమ్మ నన్ను కన్న ఏడాదికే పోయింది. నాయన కోలారు గనుల్లో పనిచేస్తూ ఏడాదికి ఒకసారి కనిపించేవాడు. అంచేత నాకు నీళ్ళు పోసింది, అన్నం పెట్టింది, జడ వేసింది, అక్షరాలు దిద్దించింది అంతా అత్తే. ఆమె మెడ వంపులో నుంచి వచ్చే కుంకుడుకాయ వాసన లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. అత్త ఇంట్లోనే చదువుకుని పరీక్ష రాసింది. ఆ ఏడు దసరాకు ముందు తుమకూరు నుంచి కాగితం వచ్చింది. పంతులమ్మల ట్రైనింగుకు ఆమెకు చోటు దొరికింది. విజయదశమి మరునాడు పొద్దున పది గంటలకల్లా అక్కడ ఉండాలి. రాకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

తాత ఆ కాగితాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. సరేననలేదు, వద్దనలేదు. అది యుద్ధకాలం. పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సు ఒక్కటే ఉండేది, అది వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. ఎద్దులబండి మీద మూడు రోజుల ప్రయాణం.

"ఇంటి ఆడబిడ్డను ఆ బొగ్గు బస్సులో పదిమంది మధ్యన పంపేది లేదు" అన్నాడు చివరికి. "మన కారు బాగైతే పంపిస్తా. కాకుంటే లేదు. అంతే."

అవ్వకు కోపం వచ్చింది. "అదేం మాటప్పా! బిడ్డ బతుకును తీస్కపోయి ఆ పాత బండికి కడతావా?"

"సరే నాయనా" అంది అత్త. అంతకు మించి అనలేదు. ఆమెకు సరే అనడం బాగా అలవాటు.

మేస్త్రీకి కబురు పోయింది. హిందూపురంలో మూలపడ్డ కారు ఒకదాని నుంచి మంచి పంపు విప్పించుకుని వచ్చాడు. బెంగుళూరు నుంచి పార్సిలులో కొత్త ప్లగ్గులూ, కండెన్సరూ, పాయింట్లూ తెప్పించాడు. పాత పాయింట్లు కాలి గుంటలు పడిపోయాయని అప్పటికే చెప్పి ఉన్నాడు. నాలుగు దినాలు కొట్టంలోనే పని. నేను బడి ఎగ్గొట్టి అక్కడే ఉన్నాను. పంపుకూ ఇంజనుకూ మధ్య నీళ్ళు కారకుండా పెట్టే అట్ట కావాలంటే, అత్త తన కన్నడ మూడో వాచకం అట్ట చింపి ఇచ్చింది. మేస్త్రీ దాన్ని పంపు మూతి మీద పెట్టి చిన్న సుత్తితో అంచు వెంట తట్టి, తెగిన చోట తెంపి, ఆముదంలో నానబెట్టాడు. ఇరుసు చుట్టూ కూరడానికి తాడు కావాలన్నాడు. అవ్వ తొడ మీద వత్తులు పేనినట్టే పత్తి తాడు పేని, కొవ్వులో ముంచి ఇచ్చింది. తన రాగిపిండి పరువు దక్కించుకోవాలని ఆమెకు పట్టుదల.

పంపు బిగించి నీళ్ళు పోశారు. అందరం నేల మీద వంగి చూశాం. ఒక్క చుక్క పడలేదు. అత్త ఎంతసేపటికీ లేవలేదు. ఆమె మొహంలో నేనెప్పుడూ చూడని వెలుగు ఒకటి కనిపించింది. అప్పటిదాకా కారు బాగవుతున్నదనే సంబరంలో ఉన్నాను. బాగైతే అత్త పోతుందన్న సంగతి అప్పుడే నా తలకెక్కింది.

మరునాడు మేస్త్రీ పాయింట్లు బిగించాడు. ఇంజను పక్కన చిన్న డబ్బా ఉంటుంది. నల్లటి మూత తీస్తే లోపల రెండు సన్నటి లోహపు చుక్కలు. ముందువైపు హ్యాండిలు తిప్పితే అవి కలుస్తూ విడిపోతూ ఉంటాయి. విడిపోయినప్పుడల్లా ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. మేస్త్రీ హ్యాండిలు తిప్పి నాకు చూపించాడు.

"చూడు పాపా, ఇది దాని నోరు. ఊరికే మాట్లాడతా ఉంటాది. నోరు పడిపోతే బండి యాడికీ కదలదు."

నేను బాగా చూసుకున్నాను.

ఆ మరునాడు ఆయుధపూజ. మా ఇంట్లో ఆ రోజు నాగలి, కొడవలి, రోకలి, తాత కళ్ళజోడు, అన్నీ పీటల మీదికి ఎక్కేవి. అత్త పుస్తకాలు కూడా. పూజ ఎత్తేదాకా వాటిని ముట్టకూడదు, చదవకూడదు. కారు కొత్త ప్లగ్గులు కూడా పూజ అయ్యాకే బిగించాలని అవ్వ పట్టుబట్టింది. మేస్త్రీ తన స్పానర్లన్నీ కడిగి పీట మీద పేర్చి, అరుగు చివర కూర్చుని ఒబ్బట్లు తింటున్నాడు. బానెట్ ఎత్తే ఉంచారు. పాయింట్ల డబ్బా మూత కూడా పీట మీదే ఉంది. ప్రతి వస్తువుకూ పసుపు, కుంకుమ పెట్టి, ఒబ్బట్టు పూర్ణం రవ్వంత తాకించాలి. అవ్వకు నడుం వంగదు. అత్త ఆ పని చేయకూడదు. పసుపు కుంకుమ పని కదా, ఆమె ఆ రోజంతా వంటింట్లోనే ఉంది. అందుకని పసుపు కుంకుమ గిన్నె, పూర్ణం గిన్నె రెండూ నా చేతికి వచ్చాయి.

చక్రాలకు పెట్టాను, లాంతర్లకు పెట్టాను, హారనుకు పెట్టాను. తర్వాత పీట వేసుకుని ఇంజను మీదికి వంగాను. కొట్టంలో ఎవరూ లేరు. గోటితో పాయింట్లను కొంచెం విడదీసి, ఆ నోట్లో పూర్ణం మెత్తి, గోరు తీసేశాను. అది మూసుకుంది. ఒబ్బట్టు ముద్ద నోట్లో పెట్టుకుంటే ఎవరూ మాట్లాడలేరు కదా. పైన అంటిన దాన్ని పావడ అంచుతో తుడిచి, "తిని నోరు మూసుకో. మా అత్తను తీస్కపోవద్దు" అని రెండు చేతులూ జోడించాను. అది దొంగపనో, పూజో నాకే తెలియదు. రెండూ అయి ఉండాలి.

విజయదశమి పొద్దున పూజ ఎత్తారు. కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అత్త ట్రంకు పెట్టె అరుగు మీదికి వచ్చింది. మేస్త్రీ ప్లగ్గులు తుడిచి బిగించి, డబ్బాకు మూత వేసి హ్యాండిలు తిప్పాడు. కారు పలకలేదు. మళ్ళీ తిప్పాడు. ఆయన తర్వాత పాలేరు తిప్పాడు. పాలేరు చొక్కా తడిసిపోయింది గానీ కారు దగ్గనైనా దగ్గలేదు. మేస్త్రీ తీగెలన్నీ పట్టి చూశాడు. మూత తీసి లోపలికి తొంగి చూశాడు. కానీ కొట్టంలో చీకటి, ఆయనకు దగ్గరి చూపు ఆనదు. మొన్న తాను చేత్తో సర్దినవే కదా అని పాయింట్ల మీద అనుమానమే రాలేదు.

చివరికి తాత ముందు తల వంచుకుని నిలబడ్డాడు. "కండెన్సరు చచ్చినట్టుండాది పెద్దయ్యా. రవ్వ రాలేదు. బెంగుళూరి నుంచి ఇంకోటి రావాలంటే పది దినాలు."

తాత అత్త వైపు చూడకుండా, "ఇంగేం చేస్తాం. దేవుడు వద్దన్నట్టుండాది" అన్నాడు. అత్త పెట్టెను తానే మోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

నా పూజ ఫలించింది. ఎగిరి గంతేయాలి. నేను వెనకే లోపలికి పోయాను. అత్త పెట్టె తెరిచి పుస్తకాలు ఒక్కొక్కటే తీసి గూట్లో పెడుతోంది. అట్ట లేని కన్నడ వాచకాన్ని తీసి, దుమ్మేమీ లేకపోయినా తుడిచి పెట్టింది. రెండు తెల్లచీరలు దండెం మీద వేసింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఊరుకునేదాన్నేమో. నన్ను చూసి, "రా పాపా, జడ వేస్తా" అంది. కూర్చున్నాను. రోజూ నొప్పి తెలియకుండా చిక్కు తీసే అత్త, ఆ రోజు ఒకే పాయను మళ్ళీ మళ్ళీ దువ్వుతూనే ఉంది.

"అత్తా, నేనే చేసినా" అన్నాను. ఏడుపు వచ్చేసింది. "దాని నోట్లో పూర్ణం పెట్టినా. పలకొద్దని."

దువ్వెన ఆగిపోయింది. "దేని నోట్లో?"

వెక్కుతూ చెప్పాను. అత్త నన్ను తన వైపు తిప్పుకుంది. కొడుతుందనుకున్నాను. చాలాసేపు నా మొహంలోకి చూసింది.

"నేను పోకూడదనా?"

తల ఊపాను.

"సరే. ఇంగ నేనేం చేయాల్నో నువ్వే చెప్పు" అంది.

అది దెప్పిపొడుపు కాదు, కోపమూ కాదు. నిజంగానే అడిగింది. పదిహేనో ఏటి నుంచీ ఆమె ఏం చేయాలో వేరేవాళ్ళే చెబుతూ వచ్చారు. నేనూ ఆ వరసలో చేరాను. ఈ మాట ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు నాకు అంత తెలివి లేదు. నాకు తెలిసిందల్లా ఒకటే, ఆ పుస్తకాలు గూట్లోకి పోతుంటే నేను చూడలేను.

"రా, మేస్త్రీతాతకు చెబుదాం" అని ఆమె చెయ్యి పట్టుకుని లాగాను.

మేస్త్రీ అంతా విన్నాడు. తర్వాత గడ్డం అదిరేలా నవ్వాడు. "అవ్వేమో సంకటి పెట్టె, మనవరాలేమో ఒబ్బట్టు పెట్టె! ఈ ఇంట్లో కారు తిన్నట్టు నేను కూడా తినలేదప్పా!"

నవ్వు ఆపి నన్ను ఎత్తి మడ్గార్డు మీద కూర్చోబెట్టాడు. "నా వేళ్ళు లావు, కండ్లు ఆనవు. పెట్టినదానివి నువ్వే, తీసేది కూడా నువ్వే." పెట్రోలు గుడ్డ ఒకటి, అగ్గిపెట్టె పక్కనుండే గరుకు కాగితం చీలిక ఒకటి చేతికిచ్చాడు. "ఫస్టు గుడ్డతో తుడువు. ఆమీట కాగితం ఆ సందులో పెట్టి మెల్లగా లాగు. లోహం తళతళమనాల."

లోపల ఏమీ కనబడటం లేదు. ఇంతలో నా చేతి మీద వెలుతురు పడింది. తల తిప్పి చూశాను. తాత. కొట్టం వాకిట్లో ఎండలో నిలబడి, తన గడ్డం గీసుకునే అద్దాన్ని పట్టుకుని, ఎండను సరిగ్గా పాయింట్ల మీదికి పంపుతున్నాడు. ఆయన ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. నన్ను తిట్టలేదు.

ఎండిన పూర్ణం పసుపుపచ్చగా కనబడింది. తుడిచాను. కాగితం పెట్టి లాగాను. ఒకసారి, రెండుసార్లు. సగం తుడిచి అయిపోయిందంటే ఎవరికీ తెలియదు అన్న బుద్ధి ఒకటి అప్పుడు కూడా తొంగిచూసింది. అబద్ధం ఎందుకు. కానీ మూడోసారి కూడా లాగాను. లోహం తళతళమంది.

మేస్త్రీ ఒక ప్లగ్గు విప్పి ఇనుము మీద ఆనించాడు. పాలేరు హ్యాండిలు తిప్పాడు. పట్‌మని నీలం రవ్వ ఎగిరింది. ప్లగ్గు బిగించి మళ్ళీ తిప్పితే రెండో తిప్పుకే ఇంజను దడదడమంది. ఎద్దులు పలుపులు తెంపుకోబోయాయి. నల్లకోడి వెనక సీటు మీంచి అరుస్తూ కిటికీలోంచి దూకింది. అత్త మాత్రం వంగి పంపు కింద చూసింది. తన పుస్తకం అట్ట గట్టిగానే పట్టుకుని ఉంది.

పుస్తకాలు మళ్ళీ పెట్టెలోకి పోయాయి. ఈసారి నేనే అందించాను. తోడుగా అవ్వ బయలుదేరింది. పంపు బాగైందని ఎంత చెప్పినా వినకుండా నీళ్ళకుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అత్త కారెక్కే ముందు నన్ను దగ్గరకు తీసుకుని, సగంలో ఆగిన జడను పూర్తి చేసింది. "సంక్రాంతి సెలవులకు వస్తా. అంతవరకూ నీ జడ నువ్వే ఏసుకోవాల" అంది. నిమ్మకాయలు చితికాయి, హారను మోగింది, కారు వంక దాటి దుమ్ములో కలిసిపోయింది.

తాతా నేనూ మిగిలాం. ఆయన చేతిలో అద్దం ఇంకా అట్లాగే ఉంది. దుమ్ము అణిగేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నా వైపు చూడకుండానే అడిగాడు.

"చెప్పకుండా ఉండింటే మన దగ్గరే ఉండిపోతా ఉండె గదే. ఎందుకు చెప్పినావే?"

నేను బిత్తరపోయాను. అత్త పోకూడదని ఆ ఇంట్లో కోరుకున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. కారు సాకు వెనక దాక్కున్న ఆ పెద్దమనిషి గుండెలో ఏముందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"మరి నువ్వెందుకు అద్దం పట్టినావు తాతా?"

తాత అద్దాన్ని పంచె చెరుగుతో తుడిచాడు. తుడిచి, అదే చెరుగుతో కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

"లోపల ఒబ్బట్లు ఏమన్నా మిగిలిండాయేమో చూడు పో" అన్నాడు.

రెండు మిగిలి ఉన్నాయి. అరుగు మీద కూర్చుని చెరొకటి తిన్నాం.

అత్త ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పింది. ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లల్లో నేనూ ఒకదాన్ని. ఆమె పోయిందని కబురు వచ్చిన రోజు నేను వెక్కి వెక్కి ఏడ్చాను గానీ, ఆ ఏడుపులో కూడా నాకొక నిబ్బరం ఉండింది. ఆ విజయదశమి రోజు మూడోసారి కూడా కాగితం లాగాను కదా.

మనవరాలు కారు స్టార్టు చేసి పిలిచింది. పాత పంపును రాయి మీద పెట్టి లేచాను. చేతికి అంటిన తుప్పును చాలాసేపటి దాకా కడుక్కోలేదు.